మూలకు పసుపు, మూలకు తారు

కమలాపురం,
3-2-1957, ఆదివారం.
తెల్లవారి చలి, మధ్యాహ్నం ఎండ. రెండు బానల పసుపు కొమ్ములు ఉడికించి కళ్ళంలో ఆరబోశాను.

హుసేన్ వలికి గోపన్న వ్రాస్తున్నది. ఇక్కడ నేను, గిడ్డమ్మ వదిన క్షేమం. అక్కడ నువ్వు, లాల్ బీ అమ్మ క్షేమమని తలుస్తాను.

రోజూ వాతావరణం, చేసిన పని పుస్తకంలో రాసుకొనే అలవాటు నాకు ఇంకా పోలేదు. అందుకే ఉత్తరం కూడా అలాగే మొదలయింది. ఏమీ అనుకోవద్దు.

మనం తుంగభద్రలో ఒకే పుట్టి నడిపి జనాన్ని ఏరు దాటించిన కాలం పోయి ఎనిమిదేండ్లయింది. అన్న చనిపోయాక వదినకూ పొలానికీ దిక్కు లేదని నేను ఇక్కడికి వచ్చేశాను. ఆ రోజు కర్నూలు స్టేషనులో నువ్వు ఉండమనలేదు. నేను రమ్మనలేదు. ఇద్దరమూ బండి ఆలస్యం గురించి మాట్లాడుకున్నాం. బండి వచ్చింది.

రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయిందనీ, పుట్టి ఎక్కేవాళ్ళు తగ్గారనీ మా పోస్టుమాన్ పెద్ద ఈరన్న చెప్పాడు. అది విన్నప్పటినుంచి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంట్లో ఉత్తరం వైపు గదికి సున్నం కొట్టించాను. కొత్త నులక మంచం అల్లించాను, ఇద్దరికి సరిపోయేది. వదిన ఒప్పుకుంది. మాఘం దాటకముందే ఈ ఇంటికి ఇంకొక మనిషి రావాలి. ఇన్నాళ్ళు ఒంటరిగా ఉన్నది చాలు. నీకు చెప్పకుండా చేయడం న్యాయం కాదు. నీ మాట కోసం ఎదురు చూస్తుంటాను.

ఇట్లు,
గోపన్న.

తా.క.: మంచం గట్టిదే. ఇద్దరు కూలీలను కూర్చోబెట్టి చూశాను. కిర్రుమనలేదు.


కర్నూలు,
ఫిబ్రవరి 9.

గోపన్నకు హుసేన్ వలి సలాములు.

నీ జాబు అందినాది. ఏటి ఇసుకలో పుల్లతో గీసి నువ్వు నేర్పిచ్చిన అక్షరాలతోనే జవాబు రాస్తాండా. మాట్లాడినట్టు రాసేదే నాకు వచ్చు. అది నీకు తెలుసు.

సంగతి జాబు విప్పకముందే తెలిసిపాయె. మా అమ్మ దాన్ని చూసి, "మంచి కబురేరా" అనింది. అందరం క్షేమమే. ఈడ సర్కారు ఆఫీసుల గుడారాలన్నీ పీకినారు. మూడేండ్లు ఫైళ్ళు చంకన పెట్టుకొని, ఏటి నడుమ "పోనీ పోనీ, అర్జంటు" అని నా మీద అరిచిన గుమాస్తాలంతా హైదరాబాదుకు పోయినారు. పుట్టికి అర్జంటు అంటే ఏం తెలుసప్పా? అది ఎప్పటిమాదిరే గుండ్రంగా తిరుగుతాండాది.

నా మాట కావాలంటివి. నా మాటేముండాది? ఆలస్యమైనా మంచి పనే. నూరేండ్లు సుఖంగా ఉండండి. నన్ను మాత్రం రమ్మనొద్దు. నేను రాలేను. ఏట్లో నీళ్ళు తగ్గినాయి, పుట్టి బోర్లించి తారు పూసే కాలం. శానా పని ఉండాది.

ఇట్లు,
హుసేన్ వలి.

తా.క.: అమ్మ పార్సిలు కట్టి పంపుతాండాది. లోపల ఏముండాదో నేను రాయను. చూస్తే నీకే అర్థమైతాది.


కమలాపురం,
15-2-1957, శుక్రవారం.
మబ్బు. వాన వస్తుందని ఆరిన కొమ్ములను గోనెలతో కప్పాను. రాలేదు. మళ్ళీ గోనెలు తీశాను.

హుసేన్ వలికి గోపన్న వ్రాస్తున్నది. క్షేమం.

పార్సిలు అందింది. ఎర్ర గాజులు, రెండు సైజులు. ఒకటీ పగలలేదు. లాల్ బీ అమ్మ ఊక బాగా దట్టించింది.

చూస్తే అర్థమవుతుందని రాశావు. అయింది. మగవాడికి గాజులు పంపితే ఏమిటో మన సీమలో అడిగి తెలుసుకోవలసినవాడు లేడు. చేతకానివాడా, ఇవి తొడుక్కొని ఇంట్లో కూర్చో అని. నాకు కోపం రాలేదు. చెప్పవలసిన మాట చెప్పకుండా స్టేషనులో బండి ఆలస్యం గురించి మాట్లాడినవాడికి ఇవి తగినవే అనిపించింది. పెద్ద సైజువి నా చేతికి పట్టాయి. తొడుక్కొని కళ్ళానికి వెళ్ళాను. కూలీలంతా పని ఆపి చూశారు. ఓబులమ్మ మాత్రం, "ఏమప్పా గోపన్నా, మొక్కుబడా?" అని అడిగింది. అవునన్నాను. "మంచిదిలే, చెల్లించుకో" అని మళ్ళీ చేట అందుకుంది.

నువ్వు రాలేనన్నావు. తారు పని ఉందన్నావు. సరే. నీ మాట అడిగాను, నువ్వు చెప్పావు. ఉత్తరపు గదికి తాళం వేశాను. ఇక ఉత్తరాలు రాసి నిన్ను ఇబ్బంది పెట్టను.

ఇట్లు,
గోపన్న.

తా.క.: గాజులు రాకముందు వదిన అడిగింది, "ఆ కర్నూలు పుట్టి మనిషి వస్తే చేపలు తింటాడు గదా, మన పొయ్యి మీదనే వండాల్నా?" అని. గది బయట వేరే పొయ్యి వేస్తానన్నాను. వేశాను కూడా. ఇప్పుడు దానిలో పిల్లి పడుకుంటోంది.


కర్నూలు,
ఫిబ్రవరి 20.

ఒరే గోపన్నా! సలాములు ఎనక చెప్తా.

ఆ గది నాకా? ఆ మంచం నాకా? ఆ ముక్క ముందే రాసింటే నీ చెయ్యి పడిపోతాండెనా? "ఇంకొక మనిషి" అంట! నాకు పేరు లేదా? మా నాయన ముచ్చటపడి రెండు మాటల పేరు పెట్టినాడు గదా, ఒక మాటన్నా రాయగూడదా?

నీకు పెండ్లి అనుకొంటినప్పా! నీ జాబు నాలుగు మూలలా పసుపు ఉండె. మూలలకు పసుపు పూసేది పెండ్లి జాబుకు గాక ఇంక దేనికి? అమ్మ చూసిన ఎంటనే, "గోపన్నకు పెండ్లిరా" అనింది. లోపల చూస్తే సున్నం, కొత్త మంచం, వదిన ఒప్పుకునేది, మాఘ మాసం. ఇంక నేనేం అనుకోవాల్నో నువ్వే చెప్పు. గాజులు పెండ్లికూతురికి! చెయ్యి ఎంత ఉంటాదో తెలీక అమ్మ రెండు సైజులు పెట్టింది. నువ్వు తొడుక్కొని కళ్ళంలో తిరిగితివా? యా అల్లా, అది చదివి నవ్వాల్నో ఏడవాల్నో తెలీక రెండూ చేస్తి.

నీ రెండో జాబుకు గూడా పసుపే. ఒక మనిషికి పది దినాల్లో రెండు పెండ్లిండ్లు యాడన్నా అవుతాయా అని వాసన చూస్తి. ఉడికిన పచ్చికొమ్ముల వాసన. నీ చేతులదేరా అది. పూసింది కాదు, అంటింది.

నేను రానని రాస్తి. ఎట్లొస్తా? నీ పెండ్లిలో ఆకు ముందర కూర్చొని అన్నం తినే గుండె నాకు యాడుండాది? మొదటి జాబు వచ్చిన కాడినుంచి ఈడనే అన్నం దిగలేదు. అమ్మ అడిగితే పన్ను నొస్తాందంటి. "ఆ గోపన్న ఊరు ఇడిచి పోయినప్పుడు గూడా నీకు ఇదే పన్ను నొచ్చింది" అనింది. నేను తారు డబ్బా తీసుకొని బయటికి పోతి.

నేను పోతే నువ్వెట్లమ్మా అని అడిగితి. "మీ అక్క మున్నీ బీ రెండిండ్ల అవతలనే ఉండాది. నువ్వు పోరా. ఇంగోసారి ఆ పన్ను నొస్తే నేను చూడలేను" అనింది.

శనివారం బండికి ఎక్కుతాండా. పుట్టికి సగమే తారు పూసినా. మిగతా సగం ఎట్లన్నా పోనీ. నువ్వు ఆ పిల్లిని పొయ్యిలోంచి లేపు.

నీ పుట్టివాడు,
హుసేన్ వలి.

తా.క.: తారు చేతులతోనే రాస్తాండా. కడుక్కొనే ఓపిక యాడిది? మూలలూ, పైన నీ పేరూ నల్లగైపాయె. దాందేముండాది, లోపల చదువుకుంటావు గదా.


కర్నూలు,
25-2-1957, సోమవారం.
ఎండ. గాలి లేదు. లాల్ బీ అమ్మకు ఏటి నుంచి నీళ్ళు తెచ్చి తొట్టి నింపాను.

హుసేన్ వలికి గోపన్న వ్రాస్తున్నది. ఈ ఉత్తరం మీద నా ఇంటి చిరునామాయే రాయాలి. ఎందుకంటే నువ్వు అక్కడ ఉన్నావు. నేను నీ వాకిట్లో, బోర్లించిన పుట్టి పక్కన కూర్చొని ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

రోజూ లోపలికి వచ్చే పెద్ద ఈరన్న శనివారం పొద్దున సైకిలు దిగి వాకిలి అవతలే నిలబడ్డాడు. "ఏమప్పా గోపన్నా, కర్నూలు జాబు. మూలలకు నలుపు పూసినారు. గడప దాటించొద్దు. బయటనే చదివి చింపేసి, తలకు నీళ్ళు పోసుకో" అన్నాడు. రాయి కింద పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

నలుపు పూసిన జాబు చావు కబురుకు తప్ప రాదు. పై అక్షరాలు నలుపులో కలిసిపోయి ఎవరి చేతి రాతో తెలియలేదు. నేను విప్పలేదు. విప్పనంతసేపు నువ్వు ఉంటావనిపించింది. తలకు నీళ్ళు పోసుకొని, జాబు జేబులో పెట్టుకొని బండెక్కాను. గుంతకల్లులో బండి మారుతుంటే అవతలి ప్లాట్‌ఫారం మీద ఒకడు అటు తిరిగి నిలబడి దోసె తింటున్నాడు. వీపు అచ్చం నీదే. పోయినవాళ్ళ పోలికలు కనబడడం మామూలే అనుకొని తల తిప్పుకున్నాను. అది పోలిక కాదని ఇప్పుడు తెలిసింది. దోసె బాగుందా?

నిన్న మీ వాకిట్లోకి రాగానే లాల్ బీ అమ్మ కనబడింది. బియ్యం ఏరుతోంది. నేను గడప దగ్గర కూలబడ్డాను.

"ఏమిరా గోపన్నా, ముఖం అట్ల పెట్టినావు? ఎవరు చచ్చిపోయినారు?"

"వలి" అన్నాను.

"ఎవరు, మా వలినా? వాడు నా అత్తరు సీసా సగం ఒంపుకొని, నా దువ్వెనతో తల దువ్వుకొని నీ ఊరికి బండెక్కినాడు కదరా! చచ్చినోడు తల దువ్వుకుంటాడా?"

నేను జేబులోంచి జాబు తీసి చూపించాను. ఆమె దాన్ని చూసింది, పుట్టి వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది. "చదువు వచ్చినోళ్ళురా మీరిద్దరూ" అని లోపలికి వెళ్ళి అన్నం పెట్టుకొని వచ్చింది. అప్పుడు విప్పి చదివాను. ఒకసారి కాదు. పన్ను సంగతి దగ్గర ఆగవలసి వచ్చింది.

ఎనిమిదేండ్లు ఇద్దరమూ కదలకుండా కూర్చున్నాం. కదిలితే ఒకే రోజు కదిలాం. ఇంకొకసారి ఇద్దరమూ కదిలితే మళ్ళీ గుంతకల్లులో వీపులే చూసుకుంటాం. కాబట్టి ఈ ఉత్తరం అందేదాకా నువ్వు అక్కడే ఉండు. గది తాళంచెవి నా మొలతాడుకే ఉండిపోయింది. మన్నించు. వదిన ఆ మంచం వాకిట్లో వేస్తుంది అనుకుంటే, అదీ గదిలోనే ఉంది. అరుగు మీద పడుకో.

వదిన గురించి భయపడవద్దు. సున్నం కొట్టే రోజు ఆమె అడిగింది, "ఊర్లో వాళ్ళు అడిగితే ఏం చెప్తావప్పా?" అని. పసుపు పనికి వచ్చిన మనిషి అంటానన్నాను. "నాకేం చెప్తావు?" అంది. నేను సున్నం కుండ కలుపుతూ ఉన్నాను. అది చూసి, "సరేలే, ఆ రెండో పొయ్యికి రాళ్ళు నేనే ఏరుకొస్తా" అని వెళ్ళింది.

పేరు రాయలేదని తిట్టావు. అది న్యాయమే. రాస్తే పెద్ద ఈరన్న చదువుతాడేమోనని కాదు. రాసి, నువ్వు కాదంటే, ఆ మాట కాగితం మీద ఉండిపోతుందని. ఇప్పుడు రాస్తున్నాను. హుసేన్ వలీ, నా ఇంటికి రా. ఉన్నన్నాళ్ళు ఉండు. పసుపు పనికి కాదు. నువ్వు లేక నేను ఉండలేక.

ఇట్లు,
నీ గోపన్న.

తా.క.: నువ్వు సగంలో వదిలిన పుట్టికి మిగతా తారు నేను పూస్తున్నాను. చేతులకు పసుపు మీద తారు ఎక్కింది. ఈ ఉత్తరానికి ఒక మూల పసుపు, ఒక మూల నలుపు. పెద్ద ఈరన్న దీన్ని ఇంట్లో ఇస్తాడో, రాయి కింద పెడతాడో తెలియదు. నువ్వే అడిగి తీసుకో.

ఇంకొక మాట. సందు చివర ఎవరో వస్తున్నారు. కొత్త అంగీ. దాని నిండా పసుపు. కళ్ళంలో నడిచి కాదు, పడి లేచి వచ్చినట్టు ఉంది. నేను ఉండమన్న ఉత్తరం ఇంకా నా చేతిలోనే ఉంటే ఎట్లా ఉంటాడు? లాల్ బీ అమ్మ లోపలినుంచి "ఎవర్రా అది?" అంటోంది. లేవాలి. ముందు ఈ రోజు పని రాసి ముగిస్తాను. పుట్టికి రెండో పక్క తారు