వాగు పంపిన మెసేజ్

దమ్మపేట మండలం,
ఆగస్టు 19.

ప్రియమైన ఫ్లోరెన్స్‌కి అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం శనివారం అందింది. నాన్నా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మిల్లులో షిఫ్టు మారి ఆయన పొద్దున ఆరింటికే వెళ్తున్నారు. అందరూ క్షేమం అని ఎప్పుడూ రాసే మాట మాత్రం ఈసారి రాయలేను. మీ మఠం నోవిషియేట్‌లో ఉత్తరాలు ముందు సిస్టర్ గారు చదువుతారని తెలిసే ఇది రాస్తున్నాను. చదవనివ్వు.

నువ్వు నాలుగు విషయాలు అడిగావు. వరసగా చెబుతాను.

వాగు మీది చప్టా దగ్గర నువ్వు బిగించి వెళ్లిన నీటిమట్టం బోర్డుకి సిమ్ మాడ్యూల్ ఎలా కలిపానన్నది మొదటిది. నువ్వున్నప్పుడు నీళ్లు ఎర్ర గీత దాటితే బోర్డు కూత పెట్టేది. ఆ కూత మన తోట దాకే. వాగు అవతల రెండు కిలోమీటర్లు లోపలున్న పోతయ్య వాళ్ల గూడేనికి తెలియాలంటే ఫోన్‌కి మెసేజ్ పోవాలి. నీ నోట్‌బుక్ ముందు పెట్టుకుని వైర్లు కలిపాను. పేర్లు ఒకటే కదా అని టీఎక్స్‌ని టీఎక్స్‌కి, ఆర్ఎక్స్‌ని ఆర్ఎక్స్‌కి పెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఒకటి చెప్పేదనీ, ఒకటి వినేదనీ, చెప్పేదాన్ని అవతలి వినేదానికి కలపాలనీ మూడో రోజుకి అర్థమైంది. మార్చగానే పలికింది.

మెసేజ్ పంపేటప్పుడు బోర్డు ఎందుకు ఆగి మళ్లీ మొదలయ్యేదని రెండోది. పంపే క్షణంలో మాడ్యూల్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి వేరే బ్యాటరీ పెట్టి, రెండింటి గ్రౌండ్ వైర్లు కలిపాను. బ్యాటరీ మిగులుతుందని కూత పెట్టే బజర్ తీసేశాను. మెసేజ్ ఉండగా కూత దేనికిలే అనుకున్నాను.

మూడోది సిగ్నల్. కింద పెట్టినప్పుడు బలం ఏడు చూపించేది. యాంటెన్నాని టేకు గుంజ మీదికి ఎత్తాక పదహారుకి వచ్చింది. అన్నీ తేదీలతో కుడి పేజీల్లో రాసి పెట్టాను.

పోతయ్య అల్లుడు సతీష్ పదో తరగతి పాసైనవాడు కదా, నిజంగానే తప్పు చదివాడా అని నాలుగోది. దీనికి ఒక్క మాటలో జవాబు రాయలేక రెండు రోజులుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను.

మెసేజ్‌లో ఏముండాలో పోతయ్యే తేల్చాడు. ‘రావద్దు’ అని పెడతానంటే నవ్వాడు. “ఏంది చెల్లె, మా వాగుకు నువ్వు పోలీసోనివా? నీళ్లు ఏడికొచ్చినయో చెప్పు. రావాల్నో వద్దో మేం జూసుకుంటం” అన్నాడు. అందుకని ‘వాగు గీత దాటింది’ అన్నంత వరకే పెట్టాను. తెలుగు అక్షరాలు పంపడం నాకు చేతకాక ఇంగ్లిషు అక్షరాల్లో రాశాను. జూన్‌లో టెస్ట్ చేసినప్పుడు VAGU GEETA DATINDI అని సరిగ్గానే వెళ్లింది. అంతకుముందు వాన పడ్డప్పుడల్లా గూడెం నుంచి ఎవరో ఒకరు కర్ర పట్టుకుని వచ్చి నీళ్లు చూసి పోయేవారు. మెసేజ్ మొదలయ్యాక ఆ రావడం మానేశారు. నాకు గర్వంగా ఉండేది.

జులై మూడో వారం మంగళవారం, సంత రోజు, పైన వాన పడి పొద్దున తొమ్మిదింటికి నీళ్లు గీత దాటాయి. మెసేజ్ రెండు ఫోన్లకే పోతుంది, పోతయ్యదీ నాదీ. పోతయ్యకి చదువు రాదు. ఇల్లరికం అల్లుడు సతీషే చదివి చెప్పేవాడు. “దాటండి అని వచ్చింది మామా” అన్నాడట. పోతయ్య ఫోన్ జేబులో పెట్టుకుని, వెదురు కొమ్ముల బుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. చప్టా మీద నీళ్లు పాదాల మీదికే ఉన్నాయని వెనకాల వస్తున్న ఆడవాళ్లు చెప్పారు. మన బోర్డుని వాళ్లు డబ్బా అంటారు కదా, డబ్బా పొమ్మన్నదంటే నీళ్లు దిగుతున్నట్టే అన్నాడట వాళ్లతో. నడిమికి పోయేసరికి వాగు ఒక్కసారిగా పెరిగింది. మూడో రోజు కింద రాళ్ల దగ్గర దొరికాడు. ఫోన్ దొరకలేదు.

ఇంతవరకు నాన్న రాసిన ఉత్తరంలో నీకు తెలుసు. తర్వాతిది నేనే రాయాలి.

గూడెం అంతా సతీష్ మీద పడింది. పది చదివి గింత మాట చదవరాలేదా అని దారిలో కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు. అత్త జంపక్క అతనికి అన్నం పెట్టడం మానేసింది. భార్య కళావతి పెట్టినా అతను తినలేకపోయాడట. దినాలు కాగానే మన ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “జోజక్కా, ఆ డబ్బాల ఏం రాసున్నదో ఒక్కసారి చూపెట్టు. నాకు దాటండి అనే కనపడ్డది” అన్నాడు. నేను నోట్‌బుక్ తీసి జూన్ పేజీ చూపించాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నాడు. “అవ్, దాటింది అనే ఉన్నది. అయితే నేనే సంపుకున్న మామను” అని వెళ్లిపోయాడు. ఆ వారమే అశ్వారావుపేటలో పామాయిల్ గెలలు కోసే పనికి పోయాడు. మళ్లీ గూడేనికి రాలేదు.

ఫ్లోరెన్స్, ఆ పేజీ చూపించేనాటికే నాకు తెలుసు. మెసేజ్ అందకపోతే పది నిమిషాలకి మళ్లీ పంపేలా జులై మొదట్లో ప్రోగ్రాం మార్చాను. చప్టా గట్టు మీద లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ వాక్యం కొత్తగా టైప్ చేశాను. అప్పుడే ఆశా వర్కర్ పద్మప్రియ పోతుంటే, నాచు ఉంది, చూసుకుని దాటండి అని ఆమెకి చెబుతున్నాను. నోట్లో మాట చేతికి వచ్చింది. DATANDI అని కొట్టాను. ఒక ఐ బదులు ఒక ఏ. టెస్ట్ మెసేజ్ నా ఫోన్‌కి వచ్చింది, చూశాను, సరే అని టిక్కు పెట్టాను. ఆ మంగళవారం కూడా వచ్చింది. నాకు కావలసిందే చదువుకుని, వాళ్లకీ అందే ఉంటుందిలే అని పప్పు తాలింపు వేసుకున్నాను. పోతయ్య దొరికిన రోజు మళ్లీ చూస్తే అప్పుడు కనపడింది.

నాన్నకి చెప్పాను. “కేసైతే బిడ్డ పేరు కూడా వస్తది జోజీ, బోర్డు దానిదే కదా” అన్నారు. ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. నీ కోసమే అనుకున్నాను కానీ, నా కోసం కూడా. పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి చెప్పాను. ఆయన నాకు క్షమాపణ ఇచ్చారు. సతీష్‌కి ఎవరూ ఇవ్వలేదు. అతని నిర్లక్ష్యాన్ని దేవుడు మన్నించాలని రోజూ ప్రార్థిస్తున్నానని నువ్వు రాసిన లైను చదివాక ఇక ఇంట్లో కూర్చోలేకపోయాను.

నిన్న మధ్యాహ్నం వాగు దాటి జంపక్క ఇంటికి వెళ్లాను. నా ఫోన్‌లో మెసేజ్ తీసి ఆమె ముందు పెట్టి, తప్పు నాదని చెప్పాను. ఆమె ఫోన్ అందుకుని అటూ ఇటూ తిప్పింది.

“నాకేం సదువొచ్చు?” అంది. “మా ఇంట్ల సదువొచ్చినోడు వాడొక్కడే. వాణ్నే ఎల్లగొడితిమి.”

ఆమె నన్ను తిట్టలేదు, ఏడవలేదు. కళావతిని పిలిచి, పొద్దున్నే అశ్వారావుపేట పోయి అతన్ని తీసుకురమ్మంది. నా ఫోన్ కొంగున ముడేసుకుని నా వైపు తిరిగింది.

“వాడొచ్చి సదవాలె. వాడు సదివేటప్పుడు నువ్వు ముందర నిలబడాలె.”

కళావతి ఇందాకే బస్సెక్కిందని తెలిసింది. సాయంత్రానికి వస్తారు. నాన్న తనూ వస్తానన్నారు, వద్దన్నాను. ఇది పోస్టులో వేసి అటే వెళ్తున్నాను.

ఇట్లు,
నీ కన్నతల్లి
జోజమ్మ