లేత గులాబీ

బాబాయ్,

నాన్న రక్తాన్ని పాడుచేసింది ల్యాబ్ పెద్దాయన. రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న అణువుల హెచ్చుతగ్గులను బట్టి మతిమరుపు జబ్బును ముందే పసిగట్టే పరీక్ష అది. తీసిన రక్తాన్ని వెంటనే యంత్రంలో తిప్పి తేర్చకుండా మధ్యాహ్నం దాకా కిటికీలో వదిలేశాడు. అలా వదిలితే ఎర్రకణాలు పగిలి లెక్క తప్పుతుందని నా దగ్గరున్న ఆ పరీక్ష కరపత్రంలో స్పష్టంగా ఉంది. పైన తేరిన నీరు ఎండుగడ్డి రంగులో ఉండాలట.

ముప్పై ఏళ్లుగా అద్దకంలో రంగులు కలిపే నాన్న తన రక్తపు గొట్టంలో తేరిన నీరు చూసి, "ఇది లేత గులాబీ కదయ్యా," అన్నాడు.

"రంగులు నువ్వు చూసుకో, రోగం మేం చూసుకుంటాం," అని నవ్వాడు పెద్దాయన.

జబ్బుందని ఆయనిచ్చిన కాగితం చూసి, అద్దకం యజమాని నాన్నను రంగులు కలపొద్దన్నాడు. నువ్వేమో, "డాక్టర్లకంటే నీకెక్కువ తెలుసా?" అని నా నోరు మూయించావు. ఇప్పుడు తాళంచెవి కనబడకపోయినా నాన్న, "కాగితంలో రాసిందేగా," అంటున్నాడు.

జబ్బు నిజంగానే ఉండొచ్చు బాబాయ్. ఉంటే మంచి రక్తం చూసి చెప్పమంటున్నాను, అంతే.

ఆ రోజు రక్తమిచ్చిన మిగతా ఆరుగురి ఇళ్లకూ తిరిగాను. మళ్లీ పరీక్ష చేయమని అడగడానికి అందరం ల్యాబ్ మెట్ల దగ్గర కలుస్తున్నాం. తన తమ్ముడొస్తే వస్తానన్నాడు నాన్న. సోమవారం ఉదయం తొమ్మిదింటికల్లా అక్కడుండు.