మూడో నంబరు పొట్లం

1

తమ్ముడికి,

నిండు నూరేళ్ళూ ఇచ్చి, ఆ చేత్తోనే చెవి మెలిపెట్టి అక్కయ్య రాసేది. ఇక్కడ అందరూ బాగున్నారు. నేను మాత్రం మండిపడుతున్నాను.

మా కోడలికి శుభ్రం పిచ్చి పట్టింది. మొన్న నేను ఇంట్లో లేనప్పుడు నా ధూపం గదిలో దూరి, డబ్బాలన్నీ కడిగేసి, పొడులన్నిటినీ ఒకేలాంటి గాజు సీసాల్లో పోసింది. డబ్బాల మీద మా అత్తగారు రాసిన పేర్లు కాస్తా తొట్టి నీళ్ళపాలయ్యాయి. వంటింటి పొడులు కూడా అలాంటి సీసాల్లోనే పోసి, అదే అలమరలో సర్ది, "ఎంత అందంగా ఉందో చూడండత్తయ్యా" అంది. సాంబ్రాణి, గుగ్గిలం గడ్డలు గనక చూస్తే తెలుస్తాయి. పొడులన్నిటిదీ మట్టి రంగే.

నాకేం, ముప్ఫయ్యేళ్ళుగా ప్రార్థన మందిరానికి ధూపం నూరుతున్నదాన్ని, మూత తీస్తే చెప్పేస్తాను. అయినా మందిరం పెద్దాయన "ఈమధ్య మీ ధూపంలో మునుపటి పరిమళం లేదమ్మా" అన్నాడు. ఈ ఆదివారానికి కొత్త ధూపం నూరి ఆయన నోరు మూయించాలి.

ఐదు పొడులు పొట్లాలు కట్టి, నంబర్లు వేసి పంపుతున్నాను. ఏది ఏదో రాయి. సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూడడమే నీ ఉద్యోగం కదా, ఆ ముక్కు ఇంకా పనిచేస్తోందో లేదో చూద్దామని, అంతే.

ఆశీస్సులతో,
అక్కయ్య

తా.క. అవి ఏమిటో నాకు తెలుసు. తొందరగా రాయి.

2

అక్కయ్య పాదాలకు దణ్ణం, చెవి అందనంత దూరం నుంచి.

పొట్లాలు అందాయి. ఫ్యాక్టరీలో నన్ను "ముక్కు సార్" అంటారు. నేను తలాడిస్తేనే సబ్బు గుమ్మం దాటుతుంది. అలాంటివాడికా పరీక్ష?

ఒకటి చందనం. రెండు కచ్చూరాలు. మూడు వట్టివేళ్ళు. నాలుగు జటామాంసి. ఐదు దాల్చినచెక్క. మూడోదాని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆహా! తొలకరికి తడిసిన నేల గుర్తొచ్చింది. మనసు ఎక్కడికో వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ధూపంలో అది రెండు పాళ్ళు ఎక్కువే వెయ్యి.

నీ విధేయుడు,
తమ్ముడు

తా.క. "పనిచేస్తోందో లేదో" అని ఎందుకు రాశావు? ఎవరైనా ఏమైనా అన్నారా?

3

తమ్ముడనే ద్రోహికి, ఈసారికి సగం ఆశీస్సులే.

నీ మాట నమ్మి మూడో నంబరు రెండు పాళ్ళు ఎక్కువ వేశాను. కలుపుతుంటే పదకొండు తుమ్ములొచ్చాయి. జలుబు చేసిందనుకున్నాను.

ఆదివారం మందిరంలో ధూపం నిప్పుల మీద వేశాను. పెద్దాయన పాపాల మీద ప్రసంగం మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో మందిరమంతా ఒకటే ఏడుపు. టైలరు లేచి నిలబడి, "పక్కింటావిడ కోడిని తిన్నది నేనే" అని అందరి ముందూ ఒప్పేసుకున్నాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "నా మాటల్లో ఇంత బలముందని నాకే తెలీదు" అన్నాడు.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. ఫ్యాక్టరీ సెంటులో ముంచిన పుల్లలు అమ్ముకునే ఆ దుకాణంవాడు లేచి, "ఇది ధూపం కాదు, మిరియాల పొడి!" అని అరిచాడు. అందరూ కాళ్ళకు బుద్ధి చెప్పారు.

మందిరం కమిటీవాళ్ళు వచ్చే నెల మొదటి ఆదివారం నాకూ వాడికీ పోటీ పెట్టారు. ఐదు గిన్నెల్లో ఐదు పొడులు పోసి, పైన పల్చటి గుడ్డ కట్టి, ఏది ఏదో ఎవరికీ తెలియకుండా తారుమారు చేస్తారు. వాసన చూసి పేరు చెప్పాలి. గెలిచినవాళ్ళదే ఇకమీదట మందిరం ధూపం.

చిన్నప్పుడు నిన్ను కిటికీ ఊచకు కట్టేసి సినిమాకెళ్ళానని ఇన్నాళ్ళకు పగ తీర్చుకున్నావా? మిరియానికీ వట్టివేరుకీ తేడా తెలియని ముక్కు ఎక్కడైనా ఉంటుందా?

అక్కయ్య

తా.క. పక్కింటావిడ టైలరుతో మాట్లాడడం మానేసింది. ఆవిడ జాకెట్టు అతని దగ్గరే ఉండిపోయింది.

4

అక్కయ్యకు దణ్ణం. ఇది ఎవరికీ చూపించకుండా నువ్వొక్కదానివే చదువు.

మిరియాలు కావాలనే పంపావు కదూ? సరే, నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక మనలో మనకు నాటకాలెందుకు? కానీ అక్కా, ఈ సంగతి నలుగురిలో మాత్రం పడనివ్వకు. జీవితమంతా ముక్కును నమ్ముకుని బతికిన మనిషికి, ఈ వయసులో ఆ ముక్కే పోయిందని లోకానికి తెలిస్తే ఇంకేం మిగులుతుంది? కడుపులో పెట్టుకో.

తమ్ముడు

తా.క. చదవగానే ఇది చింపెయ్యి. కోడలు తుడవని చోట పారెయ్యి. అలాంటి చోటు ఉంటే.

5

బంగారు తమ్ముడికి, మిగిలిన సగం ఆశీస్సులు కూడా.

నీకు తెలిసిపోయిందన్నమాట. అంత జాగ్రత్తగా, మర్యాదగా రాశావు, చదువుతూ ఏడ్చాను. ఈసారి మిరియాలు లేకుండానే.

అవునురా, నా ముక్కు పోయింది. చలికాలంలో వచ్చిన జ్వరంతోపాటే పోయింది. పాలు మాడి గిన్నె నల్లబడినా తెలియలేదు. ధూపం వేస్తే నాకు పొగ కనిపిస్తుంది, అంతే. "పొగ పైకి వెళ్ళేటప్పుడు మన మాట కూడా మోసుకెళ్తుందే" అంటూ మా అత్తగారు రోలు నాకప్పగించింది. ఇప్పుడు నేను వేసే పొగ ఏం మోసుకెళ్తోందో నాకే తెలియదు. భయంగా ఉంది. ఈ పని పోతే ఈ ఇంట్లో నేనెవర్ని? సీసాల మధ్య ఇంకో సీసాని.

నువ్వు రావాలి. పెద్దాయన ప్రతి గిన్నెనూ ముందు వరసలో అందరికీ వాసన చూపించి, తర్వాత నా దగ్గరికి తెస్తాడు. ముందు వరసలో కూర్చో. చందనమైతే కుడి చెవి పట్టుకో. వట్టివేళ్ళకు ఎడమ చెవి. కచ్చూరాలకు మీసం, జటామాంసికి దగ్గు, దాల్చినచెక్కకు కళ్ళద్దాలు తుడుచుకో. మిరియాల పొట్లంతో నన్ను ఆటపట్టించావని ఇప్పుడర్థమైంది. క్షమించేశాను.

నీ అక్కయ్య

తా.క. నిజంగా దగ్గొస్తే మింగెయ్యి.

6

అక్కయ్యకు దణ్ణం.

వస్తున్నాను. ఇంతకన్నా రాయడానికి చెయ్యి రావడం లేదు.

తమ్ముడు

తా.క. కుడి చెవి అంటే నా కుడా, నీకు కనిపించే కుడా?

7

ముక్కు సార్ గారికి, అక్కయ్య ఎదురు దణ్ణం పెట్టి రాసేది.

ఐదుకు ఐదు! నేను పేరు చెప్పడం, పెద్దాయన గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని గంభీరంగా "ఒప్పే" అనడం. దుకాణంవాడు ఐదింటికీ వేరే పేర్లు చెప్పాడు. ఐదూ తప్పే! కమిటీవాళ్ళందరూ తలలూపారు. వాడు గుడ్డలు విప్పి చూపించమని గొడవ చేస్తే, "నా ముక్కును అనుమానిస్తావా?" అని పెద్దాయన గదమాయించాడు.

నీ రుణం తీర్చుకోలేను. మాటైనా చెప్పకుండా బస్సెక్కేశావేం?

నీ అక్కయ్య

తా.క. మా కోడలు ఆరోజు నుంచీ నన్ను చూసినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఒంట్లో బాగాలేదేమో.

8

అక్కయ్యకు దణ్ణం. కూర్చుని చదువు.

నాకు వాసన తెలియక ఆరేళ్ళయింది. చింపెయ్యమన్న ఆ ఉత్తరంలో "ముక్కు పోయింది" అని రాసింది నా ముక్కు గురించే. నీది కూడా పోయిందని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. నిజం రాద్దామని నాలుగు కాగితాలు చింపాను. నువ్వంత ధైర్యం తెచ్చుకుంటే తీసెయ్యాలనిపించలేదు. ఫ్యాక్టరీలో సబ్బు తెస్తే కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెట్టి "ఇంకొంచెం పూలు" అంటాను. ఆరేళ్ళుగా ఇంకొంచెం పూలే. మెచ్చుకుంటున్నారు.

ఆదివారం ముందు వరసలో ఏది తోస్తే అది పట్టుకున్నాను. రెండోసారి నిజంగా దగ్గే వచ్చింది.

మరి ఐదూ ఎలా సరిపోయాయి? అయిపోయాక పెద్దాయన నన్ను మెట్ల పక్కకు పిలిచి, అటూ ఇటూ చూసి, "బాబూ, ముక్కు సారంటారు కదా మిమ్మల్ని, దీనికేమైనా మందుందా? మూడేళ్ళుగా నాకు ఏ వాసనా తెలియడం లేదు. కమిటీవాళ్ళని అడుగుదామంటే సిగ్గు" అన్నాడు. నేనింకా తేరుకోకముందే కమిటీలో ఇంకొకాయన వచ్చి అదే మందు అడిగాడు. ముందు నువ్వు చెప్పావు కనక నువ్వు చెప్పిందే సరి అయింది. మిగతావాళ్ళు పెద్దాయన మాటకు తలూపారు, అంతే. దుకాణంవాడు ముందు చెప్పుంటే వాడే గెలిచేవాడు.

ఇదంతా తెలిసిన మనిషి ఒకరే. నా పక్కనే కూర్చుంది మీ కోడలు. బస్సు దగ్గర దిగబెడుతూ, "బాబాయిగారూ, అత్తయ్య చెప్పినవి ఐదూ తప్పే. ఆ దుకాణం ఆయన చెప్పినవి ఐదూ ఒప్పే" అంది. నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది. తర్వాత నవ్వు ఆపి, "పాలు మాడిన రోజునే నాకు తెలిసింది. అత్తయ్య బాధపడుతుందని అనలేదు. సీసాల పని చేసి ఆవిణ్ణి ఇంకా ఇబ్బంది పెట్టాను" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఎవరికీ చెప్పలేదు, చెప్పదు కూడా.

అక్కా, ఆ అమ్మాయిని రోలు దగ్గర కూర్చోబెట్టు. నువ్వు లేకపోతే ఆమెకు పాళ్ళు తెలియవు, ఆమె లేకపోతే నీకు పొడులు తెలియవు. మీ అత్తగారు నీకిచ్చింది రోలు, ముక్కు కాదు. ఈసారి పొగ వేసేటప్పుడు అదేం మోసుకెళ్తోందో ఆ అమ్మాయినడుగు, చెప్తుంది.

నీ తమ్ముడు

తా.క. మీ కోడలికి చెల్లెళ్ళెవరైనా ఉన్నారా? ఫ్యాక్టరీలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది.