తల్లిగారింటి చీర

మరిపెడ తండా,
ఆదివారం.

చిరంజీవి సౌందర్యకు, మీ బాపు దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, మీ అమ్మ, నానమ్మ బాగానే ఉన్నాం. భూపాలపల్లిలో నువ్వూ బాగున్నావని తలుస్తాను. నర్సింగు పరీక్షలు అయిపోయాయని చదివి మీ అమ్మ ఊపిరి పీల్చుకుంది. హాస్టల్లో వార్డెన్ ఎదుట నిలబడి ఫోన్ మాట్లాడలేక నువ్వు ఉత్తరాలు రాయడం ఒకందుకు మంచిదే అయింది. ఇవాళ చెప్పాల్సినవి ఫోన్‌లో చెప్పాలంటే నాకు నోరు పెగలదు.

నువ్వు అడిగినవి వరుసగా చెబుతాను. మీ అమ్మ మోకాలు నయం. నువ్వు చెప్పిన మందే రాస్తోంది, కాకపోతే నీ ముందు ఒప్పుకోదు. పత్తి రెండోసారి ఏరాం. నానమ్మకు కళ్లజోడు తెచ్చాను. పెట్టుకోగానే నా ముఖం చూసి, "గింత ముసలోడివైనవేందిరా?" అంది.

ఇక నాలుగోది. "సులోచన టీచర్ చీర కట్టుకుందా? ఏమంది?" అని రెండుసార్లు రాశావు. కింద గీత కూడా గీశావు.

స్కాలర్‌షిప్‌లో మిగుల్చుకుని టీచర్ కోసం ఆ వంకాయ రంగు చీర ఎందుకు కొన్నావో నాకు తెలుసు. ఒకటో తరగతిలో నీకు తెలుగు రాక, అమ్మ కోసం "యాడీ, యాడీ" అని ఏడిస్తే పిల్లలంతా నవ్వారు. టీచర్ మాత్రం తండాకొచ్చి, నానమ్మ పక్కన కూర్చుని మన లంబాడీ మాటలు నేర్చుకుంది. నానమ్మ రవికె మీది అద్దాలు లెక్కపెట్టిస్తూ నీకు ఒకట్లు నేర్పింది. అందుకే మీ అమ్మ, ఉత్త చీర ఏం బాగుంటుందని, దానికి జతగా అద్దాల రవికె కుట్టడానికి కూర్చుంది. దసరా దాటాక అదీ పూర్తయింది.

"ఎప్పుడు పోతవ్?" అని మీ అమ్మ రోజూ అడిగేది. రేపన్నాను, ఎల్లుండన్నాను. పత్తి అన్నాను, వాన అన్నాను. నిజానికి టీచర్ ఇంటికి పోవాలంటే నాకు సిగ్గు. మంచి చొక్కా ఒకటి కుట్టించుకుని పోదామనుకున్నాను. ఇంతలో నువ్వు ఒకసారి ఫోన్ చేసి అడిగితే, "ఇచ్చినం బిడ్డా, మస్తు సంబురపడ్డది" అన్నాను. అది అబద్ధం. చీర అప్పటికి మన పెట్టెలోనే ఉంది.

పోయిన నెల, నీ పరీక్షలకు మూడు రోజుల ముందు, టీచర్ గుండెపోటుతో చనిపోయింది. నీ పరీక్షలు పాడవుతాయని ఇన్నాళ్లూ దాచాం. ఈ వాక్యం రాసి నేను లేచి చాలాసేపు తిరిగాను బిడ్డా.

కబురు తెలియగానే మీ అమ్మ పెట్టె తెరిచి చీర, రవికె ఉన్న సంచి నా చేతిలో పెట్టింది. "గిది ఆమెది. మనింట్ల ఉండొద్దు" అంది. నా ముఖం చూడలేదు.

మరిపెడలో వాళ్ల వాకిట్లో స్నానం చేయించి పడుకోబెట్టారు. మధ్యాహ్నం దాటినా పాడె లేవడం లేదు. దేవరుప్పుల నుంచి ఆమె అన్న వెంకట్రాం తల్లిగారింటి చీర తెచ్చి కప్పాలి. ఇష్టపడి పెళ్లి చేసుకుందని ఆ ఇంటివాళ్లు ఇరవై ఏళ్లుగా ఆమెతో మాట్లాడరట. ఆమె భర్త, మన సారు, ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చివరికి ఎత్తి, "మాకు చెల్లె లేదు" అని పెట్టేశారు.

"బజార్ల ఒకటి కొనుక్కొస్త" అన్నాడెవరో.

పక్కింటి సాలమ్మ కసిరింది. "కొన్న చీర ఎవడన్న తెస్తడు. తోడబుట్టినోడు తేవాలె. ఆడబిడ్డను గట్ల ఉత్తగ సాగనంపుతరా?"

సంచి నా చంకలోనే ఉంది. పత్తి అంటిన పాత చొక్కాతోనే వెళ్లాను. ఎట్లా ముందుకు నడిచానో తెలియదు.

"నేను తెచ్చిన" అన్నాను.

"నువ్వేమైతవయ్యా ఆమెకు?"

"తమ్మున్ని."

తండా మనిషినని సాలమ్మకు తెలుసు. వాకిట్లో ఇద్దరు ముగ్గురు గొణిగారు కూడా. సారు వచ్చి నా చేయి పట్టుకుని, "రా బామ్మర్దీ" అని ఆమె దగ్గరికి తీసుకుపోయాడు.

నువ్వు కొన్న చీర నేనే కప్పాను. మీ అమ్మ కుట్టిన రవికె ఆడవాళ్లు ఆమె గుండెల మీద పెట్టారు. ఎండకు అద్దాలు మెరుస్తుంటే, ఆమె నీతో చేయించినట్టే, నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాకా పోయాక కళ్లు కనబడలేదు.

చీర కట్టుకుందా అని అడిగావు. కప్పుకునే పోయింది, కానీ కళ్లతో చూసుకోలేదు. ఆ తప్పు నాది. కొత్త చొక్కా కోసం ఆగినవాణ్ని నేను. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మానెయ్యి. మీ అమ్మతో మాత్రం మాట్లాడు, ఆమె తప్పేం లేదు.

హాస్టల్లో ఎవరైనా ఎందుకేడుస్తున్నావని అడిగితే, మా టీచర్ పోయిందని చెప్పకు. మా మేనత్త పోయిందని చెప్పు.

ఇట్లు,
నీ బాపు,
శివాజీ