ఆడపిల్లల వాటా పసుపు

బోధన్

ప్రియమైన అత్తమ్మకు,

జ్యోతిరాణి నమస్కారాలు. కోర్టు కాగితం చేతికొచ్చి రెండేళ్లయినా మిమ్మల్ని ఇంకోలా పిలవడం నాకు చేతకావడం లేదు, ఏమీ అనుకోకండి. ఫోనులో అయితే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

బడి నుంచి నన్ను కుటుంబ సర్వేకు వేశారు. నూట ఇరవై ఇళ్లు తిరిగాను. చెరకు తోటలున్నా పిల్ల దొరకని కొడుకులు, ఒకే గడపలో రెండు పొయ్యిలు, విడిగా బతుకుతున్న ఆడవాళ్లు. పెళ్లి వివరాలు అడిగితే ఒకామె గొంతు తగ్గించి, "మొగడు దుబాయిల ఉన్నడని రాయి మేడం" అంది. మా ఓనరమ్మతో నేనూ అదే చెప్పాను కదా! కొత్త పసుపు పట్టించగానే మీరు బస్సులో పంపే సంచి చూసి "మీ అత్తగారింటి నుంచేనా?" అంటే తలూపేదాన్ని. మీ ఇంటి ఆడపిల్లలకు పంచే పసుపులో నాకూ వాటా తీస్తున్నారని ఎలా చెప్పను? పంచాయితీలో నలుగురి ముందు "తప్పు మా మహేష్‌దే, పిల్లది కాదు" అన్నారు. నేను వచ్చేసిన రోజు బస్టాండుదాకా నా సంచి మోశారు. అమ్మ పోయాక నాకు మిగిలిన పుట్టిల్లు మీరే. బతికున్నంత కాలం మరచిపోను.

నిన్న మా వీధికి వేరే టీచరు వచ్చి అడిగితే, ఓనరమ్మ వింటుండగానే 'విడాకులు' అని రాయించాను. ప్రాణం తేలికపడింది.

ఇప్పుడు అసలు సంగతి. మా బడిలో లెక్కల సారు లింబాద్రి గారు, భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. నన్ను పెళ్లి చేసుకుంటానన్నారు. ఒప్పుకున్నాను. సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, అంతే. ఇక మీ సంచి రాదేమోనని ఒకటే బెంగ. రాకపోయినా మిమ్మల్ని తప్పు పట్టను. దీవిస్తే చాలు.

మీ
జ్యోతిరాణి

*

నందిపేట్

బిడ్డా జ్యోతీ,

పక్కింటి ముత్యంతోని రాయిస్తున్న. నీ ఉత్తరం రెండుసార్లు సదివిచ్చుకొని ఇన్న. పసుపు దంచకుంట పెండ్లేంది, పిచ్చిదానా? ఐతారం పొద్దుగాల మొదటి బస్సుకే రా. రోలు కడిగి పెట్టిన. ఇద్దరు బిడ్డలకు కబురు జేసిన, నువ్వొస్తె ముగ్గురు. మహేష్ ఏమన్న అంటె నేను జూసుకుంట. గా సారును గూడ తోలుకరా. నేను సూడకుంట పిల్లనెట్ల ఇస్త?

ఇట్లు,
పిల్ల తల్లి
అనసూయమ్మ