అనుదిన హారం

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం, కూర మూతపెట్టి ఉంచాను. బద్ధకించకుండా వేడిచేసుకుని తినండి. ప్రార్థనకు కూర్చునే ముందు చిట్టికి స్వెట్టర్ వెయ్యండి, చలిగా ఉంది.

ప్రార్థనలో అది ‘అనుదినాహారము’ని ‘అనుదిన హారము’ అంటోంది. నవ్వకండి, దిద్దకండి. రోజూ దండ కావాలని దేవుణ్ణి అడుగుతున్నామనుకుని, రోజుకో రంగు కాగితం మీద దేవుడికి ఒక కృతజ్ఞతా స్తోత్రం రాసి, కిటికీకి దండ కడుతోంది. ఇల్లంతా జిగురే. దండ దానిది, తుడుపు నాది!

మరిచాను. బల్ల మీది ఎర్ర కాగితం చెత్తనుకుని పారెయ్యకండి. ఆస్పత్రి నుంచి వచ్చాక నిన్ననే కదా మీరు కడుపునిండా తిన్నది? ‘నాన్న అన్నం తిన్నాడు, స్తోత్రం’ అని రాసింది. మీ ఆహారమే దాని హారమండీ.