గంట నా జేబులో ఉంది

ఒరేయ్, పాలు కాచి మూత పెట్టాను, చల్లార్చి పాపకివ్వు. సైకిల్ వెనక బ్రేకు వదులైపోతే బిగించాను. పాప సీటు బెల్టు తెగేలా ఉంది. ఇవాళ్టికి తాడుతో కట్టాను, సాయంత్రం కొత్తది వేయించు. హ్యాండిల్‌కి గంట లేదని ఇల్లంతా వెతక్కు. నేనే ఊడదీశాను.

రాత్రి అన్నాల దగ్గర మీ ఇద్దరి వాదనా విన్నాను. ఫుట్‌పాత్ మీద సైకిలేమిటని కోడలు, రోడ్డెక్కితే పాప ఏమైపోవాలని నువ్వు. నన్నెవరూ అడగలేదు, అయినా చెప్తున్నాను. లారీల పక్కన పసిపిల్లతో తొక్కడమంటే నాకూ భయమే. అందుకని ఫుట్‌పాత్ మీదే వెళ్లు. కానీ అది నడిచేవాళ్ల దారి. మనిషి అడ్డొస్తే దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాలి గానీ, వెనకనుంచి గంట కొట్టి తరమకూడదు.

నిన్న పొద్దున మందుల షాపు ముందు, "పెద్దాయనా, జరగండి, పాప ఉంది" అంటూ గణగణా వాయించావు చూడు, కంగారులో గోడకి ఒరిగిపోయిన ఆ పెద్దాయన నేనే. మోచెయ్యి కాస్త గీరుకుపోయింది, అంతే. మందు రాసుకున్నాను. కోడలికి చెప్పకు, నిన్ను బతకనివ్వదు.

నడకకి వెళ్తున్నాను. ఆ దారినే.

రాయడం మర్చిపోయాను. పాప మాత్రం నన్ను గుర్తుపట్టింది. వెనక సీట్లోంచి మెడ తిప్పి, మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.